అద్దె ఇంటికి కడుతున్నామా, వీధికా?

టూలెట్ బోర్డు చెప్పేది మహా అయితే మూడు ముక్కలు. ఎన్ని బెడ్‌రూములు, ఎన్నో అంతస్తు, ఓనరు ఫోన్ నంబరు. ఫోన్లో చూసే ప్రకటనలు ఇంకాస్త ఉదారంగా ఉంటాయి. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, తూర్పు గుమ్మం, కవర్డ్ పార్కింగ్ అంటూ ఫొటోలతో సహా వివరిస్తాయి. గేటు దాటి బయటికొస్తే ఏముందో మాత్రం రెండింటిలోనూ ఉండదు. పాల ప్యాకెట్ ఎంత దూరం, రాత్రి తొమ్మిదికి మందుల షాపు తెరిచి ఉంటుందా, పిల్లాడు ఒంటరిగా ట్యూషన్‌కు నడిచి వెళ్లగలడా? అద్దెలో చెప్పుకోదగ్గ భాగం మనం కడుతున్నది ఈ సౌకర్యాలకే. అయినా గోడలు తట్టి చూసినంత శ్రద్ధగా వీధిని చూసేవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా బర్కత్‌పురా, నల్లకుంట దాకా ఉన్న ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బండి తియ్యకుండా రోజు గడిచిపోయే పేటలు ఈ నగరంలో ఇంకా మిగిలి ఉన్నాయనడానికి ఇది మంచి సాక్ష్యం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, దానికి దగ్గర్లోనే త్యాగరాయ గానసభ. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా హాళ్లు. నల్లకుంటలో కూరగాయల మార్కెట్, శంకర మఠం. వీటి మధ్య సందుల్లో కిరాణా కొట్లు, ఇస్త్రీ బండ్లు, టిఫిన్ సెంటర్లు, పాత పుస్తకాల వాళ్లు. మెట్రో గ్రీన్ లైన్ మీద ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరుసగా మూడు స్టేషన్లు. కింద ఇళ్లు, పక్కన దుకాణాలు, మలుపులో ఆస్పత్రి అన్నట్టు అన్నీ కలగలిసిపోయాయి కాబట్టే ఇక్కడ నడక సాగుతోంది. ఎవరూ ప్లాన్ గీసి కట్టిన పొందిక కాదిది. ఏళ్ల తరబడి జనం అవసరం కొద్దీ పేర్చుకుంటూ వచ్చినది.

ఇలాంటి పేటలో ‘కొత్త అపార్ట్‌మెంట్’ అంటే నార్సింగి, కోకాపేట టవర్లను మనసులో పెట్టుకుని వెళ్లినవాళ్లకు మొదటి రోజే నిరాశ ఎదురవుతుంది. స్విమ్మింగ్ పూల్ ఉండదు, క్లబ్ హౌస్ ఉండదు. ఐదంతస్తులు, కింద స్టిల్ట్ పార్కింగ్, మొత్తం పది పదిహేను ఫ్లాట్లు. బిల్డర్ పిసినారితనమనుకుంటారు చాలామంది. అసలు కారణం నిర్మాణ నిబంధనల్లో ఉంది. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న భవనం హైరైజ్ కిందికి వస్తుంది. హైరైజ్ కట్టాలంటే స్థలం ముందు కనీసం 12 మీటర్లు, అంటే 40 అడుగుల రోడ్డు ఉండాలి. పాత పేటల్లో సందులు పాతిక, ముప్పై అడుగులు. అందుకే ఒక పాత పెంకుటింటినో బంగళానో పడగొట్టి, ఆ కాస్త జాగాలో పద్దెనిమిది మీటర్లు దాటకుండా స్టిల్ట్ మీద ఐదంతస్తులు లేపుతారు. నడకకు పనికొచ్చే సన్న సందులే టవర్లను రానివ్వడం లేదన్నమాట. వీధి సందడిగా ఉండాలి, ఇంట్లో టవర్ హంగులన్నీ ఉండాలి అని పట్టుబడితే ఇక్కడ రెండూ ఒకచోట దొరకడం కష్టం. ఏది వదులుకోగలమో ముందే తేల్చుకుంటే ఇళ్లు చూసే తిప్పలు సగం తగ్గుతాయి.

ఈ చిన్న భవనాలను చూసే పద్ధతి వేరు. మొదట వెలుతురు చూడాలి. పక్క భవనానికీ దీనికీ మధ్య ఉండే సందు చాలా సన్నం కాబట్టి రెండు, మూడు అంతస్తుల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సి రావచ్చు. ఫొటోల్లో ఇది తెలియదు, ఎందుకంటే లైట్లన్నీ వేసే ఫొటో తీస్తారు. మిట్టమధ్యాహ్నం వెళ్లి, లైట్లు ఆర్పించి హాల్లో పేపరు చదివి చూడండి. తర్వాత కరెంటు పోయినప్పటి సంగతి. జనరేటర్ ఉందంటారు. అది లిఫ్టుకూ మెట్ల లైట్లకూ మాత్రమేనా, ఫ్లాట్లలోకి కూడా వస్తుందా అన్నది తేల్చుకోవాలి. చాలా చోట్ల మొదటిదే ఉంటుంది. అప్పుడు ఇన్వర్టర్‌కు వైరింగ్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. ఇక ఎత్తు తక్కువైన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని మెట్ల మీద పాత సామాన్లు, చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు పేర్చేస్తారు. మెట్లదారి ఖాళీగా లేని భవనాన్ని నేనైతే రెండోసారి చూడను.

విస్తీర్ణం విషయంలో ఒక మాట. 1,200 చదరపు అడుగులని చెబితే అది దాదాపు ఎప్పుడూ సూపర్ బిల్టప్ లెక్కే. లిఫ్టు, కారిడార్, మెట్లలో మీ వాటా కూడా కలిపిన అంకె అది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించింది, అమ్మకాల్లో ఆ లెక్కే చెప్పాలంది. అద్దె బేరాల్లో మాత్రం పాత అలవాటే నడుస్తోంది. అంకె పక్కన పెట్టి, మీ మంచం, బీరువా కొలతలు రాసుకుని టేపు పట్టుకెళ్లడం మేలు.

ఇప్పుడు వీధి. ఒక్కసారి చూస్తే వీధి అర్థం కాదు. ఆదివారం మధ్యాహ్నం ప్రశాంతంగా కనిపించిన సందు సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు స్కూలు ఆటోలతో బిగుసుకుపోతుంది. రాత్రి పదిన్నరకు ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలవుతుంది. ఈ రెండు వేళల్లోనూ వెళ్లాలి. వీలైతే వాన పడ్డ మర్నాడు కూడా. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు తీసుకుపోయే నాలా దోమల్‌గూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట వైపుగా పారి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో వచ్చిన వరదలకు దాని పక్క బస్తీల్లోకి నీళ్లొచ్చాయి. నాలాకు దగ్గర్లో ఇల్లయితే వాచ్‌మన్‌ను కాదు, ఎదురు కిరాణా కొట్టు ఆయన్ని అడగండి, అప్పట్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని. ఆయనకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. గోడ మీద మరక కూడా చూపిస్తాడు.

కాలిబాట సంగతి వేరే చెప్పక్కర్లేదు కానీ, ఒక కొలత తెలిసి ఉండటం మంచిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతంలో అడ్డంకులు లేని ఫుట్‌పాత్ వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. వీల్‌చెయిర్లు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగల జాగా. మన నగరంలో అది ఎక్కడుందో వెతుక్కోవాలి. ఉన్నచోట కూడా ట్రాన్స్‌ఫార్మర్, పానీపూరీ బండి, బైకుల వరుస పంచుకుంటాయి. అంచేత నడకకు పనికొచ్చే పేట అంటే ఇక్కడ అర్థం వేరు. ఫుట్‌పాత్ ఉన్న పేట అని కాదు, వాహనాలు వేగంగా పోలేని సందులున్న పేట అని. ఇంట్లో పెద్దవాళ్లుంటే గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా వాళ్లతోనే ఒకసారి నడిపించి చూడటం అన్నిటికన్నా నికరమైన పరీక్ష.

అశోక్‌నగర్ వైపు ఇల్లు వెతికేవాళ్లకు ఇంకో విషయం ఎదురవుతుంది. గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదివే వేలమంది ఆ చుట్టుపక్కల ఉంటారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, ఐదు నిమిషాల నడకలో భోజనం మెస్సులు, జిరాక్స్ షాపులు. వీధి అర్ధరాత్రి దాకా మెలకువగా ఉంటుంది. ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు అది భద్రతనిస్తుంది, నెలల పాప ఉన్నవాళ్లకు నిద్ర లేకుండా చేస్తుంది. పైగా నోటిఫికేషన్లు వచ్చే సీజన్లో ఓనర్లు కుటుంబానికిచ్చే ఫ్లాట్‌నే ఆరుగురు కుర్రాళ్లకు తలా ఇంతని ఇచ్చుకుంటే ఎక్కువ వస్తుందని లెక్క వేస్తారు. అద్దె పెరగడానికి భవనం కొత్తదనం ఒక్కటే కారణం కాదు.

డబ్బు లెక్కకు వద్దాం. అద్దె ఒక్కటే పోల్చడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఉదాహరణకు, నారాయణగూడలో ఒక టూ బీహెచ్‌కే అద్దె 24,000, మెయింటెనెన్స్ 2,000 అనుకుందాం. శివారు టవర్‌లో అంతే విస్తీర్ణానికి అద్దె 20,000, మెయింటెనెన్స్ 4,500. పైకి చూస్తే రెండోది నెలకు 1,500 చవక. కానీ అక్కడ కూరగాయలకూ బండి తీయాలి, ఇంట్లో రెండో బండి తప్పదు, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే క్యాబ్ పిలవాలి. పెట్రోలు, క్యాబ్, డెలివరీ చార్జీలు కలిపి నెలకు నాలుగు వేలు వేసుకున్నా చవక కాస్తా ఖరీదవుతుంది. అయితే ఈ లెక్క అందరికీ ఒకేలా తేలదు. ఆఫీసు కోకాపేటలో ఉన్నవాళ్లకు నారాయణగూడలో కాపురం శిక్షే. రాయదుర్గం దాకా అయితే మెట్రో ఉంది, గ్రీన్ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర బ్లూ లైన్‌కు మారాలి. ఆ తర్వాత ఆఫీసు గేటు దాకా మళ్లీ షేర్ ఆటోనో షటిలో చూసుకోవాలి. భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలూ, పిల్లల బడీ మూడు దిక్కుల్లో ఉంటే, ఎవరు రోజూ ఎక్కువసార్లు ఇంటికీ బయటికీ తిరుగుతారో వాళ్లకు దగ్గరగా ఇల్లు తీసుకోవాలన్నది నా అభిప్రాయం. చాలా ఇళ్లలో జీతం ఎక్కువున్నవాళ్ల ఆఫీసుకు దగ్గరగా తీసుకుంటారు. మిగతావాళ్ల కాళ్లనొప్పులు ఆ లెక్కలోకి రావు.

మెయింటెనెన్స్ అద్దెలో కలిపేనా, విడిగానా అని అడగటం అందరికీ అలవాటే. అందులో ఏమేం వస్తాయని అడగటం మాత్రం మరిచిపోతారు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు సర్వీసు, చెత్త బండి, మెట్ల కరెంటు, బోరు మోటారు, ట్యాంకర్ నీళ్లు. చివరిదే అసలు చిక్కు. ఎండాకాలంలో బోరు ఎండితే వచ్చే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో ఉందా, ఫ్లాట్లవారీగా పంచుతారా? గత ఏప్రిల్, మే నెలల్లో ఎంత పడిందో పక్క ఫ్లాట్ వాళ్లను అడగండి. జలమండలి నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎన్నింటికి వస్తాయో కనుక్కోండి. నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. అపార్ట్‌మెంట్‌కు అది దక్కాలంటే పనిచేసే మీటరు, ఫ్లాట్లవారీగా ఆధార్ అనుసంధానం ఉండాలి. మీ ఫ్లాట్ ఓనరు ఆ పని చేసుకోకపోతే ఆ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

కరెంటు మీటరు మీ ఫ్లాట్‌కు విడిగా ఉండాలి. కొందరు ఓనర్లు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు తమకు తోచిన రేటు వసూలు చేస్తారు. దానికి ఒప్పుకోకపోవడమే మంచిది. తెలంగాణలో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది కాబట్టి, ఒకే మీటరు మీద రెండిళ్లు నడిస్తే ఇద్దరూ నష్టపోతారు. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు అర్హులైన అద్దెదారులకూ వర్తిస్తుంది, సొంత ఇల్లు ఉండాలని లేదు. టవర్లకు వెళ్లేవాళ్లకు ఒక ముక్క: మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటి, అసోసియేషన్ వార్షిక వసూళ్లు 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

ఇల్లు నచ్చి బేరం దాకా వచ్చాక ఓనరు వేసే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది ఉంటారు వరకూ న్యాయమే. తర్వాత గొంతు కాస్త తగ్గించి ‘మీరేంటోళ్లండీ?’ అంటారు. నాన్‌వెజ్ వండుతారా అంటారు. బ్యాచిలర్లకు ఇవ్వమంటారు. ముస్లిం పేరు వినగానే ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామంటారు. మర్యాదస్తుల పేటలు అనుకునే చోట ఇది మరీ ఎక్కువ. నగరంలో అందరూ కలిసి తిరిగే వీధులన్న కీర్తి వీటికి ఉంది. వీధిలో ఉన్న ఆ కలుపుగోలుతనం మెట్లెక్కి ఫ్లాట్‌లోకి రాదు. దబాయించి గెలిచే వ్యవహారం కాదు కాబట్టి అలాంటి ఇంట్లో చేరి రోజూ జవాబులు చెప్పుకునేకన్నా ముందే తప్పుకోవడమే ప్రశాంతం.

బ్రోకర్ ద్వారా వెళ్తే పదిహేను రోజుల నుంచి నెల అద్దె దాకా కమీషన్ అడుగుతారు. అది ఒప్పందం సంతకమయ్యాకే ఇవ్వాలి. ఇల్లు చూడకుండా ఫోన్లో టోకెన్ పంపమనేవాళ్లు, ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది అని ఐడీ కార్డు ఫొటో పెట్టేవాళ్లు దాదాపు అందరూ మోసగాళ్లే. ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీద ఉన్న పేరు, సంతకం పెట్టే మనిషి పేరు ఒకటేనా అని చూసుకోవడం మీ హక్కు. ఓనరుకు మీ ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి.

ఇక అసలు కాగితం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు, కింద నోటరీ ముద్ర. అందరూ చేసేది ఇదే. పదకొండే ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలంటుంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలకు అలవాటు పడింది. తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ నిబంధనను సవరించి, గడువు ఎంతైనా సరే స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అంటే మన దగ్గర పదకొండు నెలల చిట్కాకు అసలు ఆధారమే బలహీనం. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాని కాగితంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెగా, పదిహేను రోజుల నోటీసుతో ముగిసేదిగా చూసే అవకాశం ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అద్దె, అడ్వాన్స్ రెండూ బ్యాంకు ద్వారానే ఎందుకు కట్టాలో, ఒప్పుకున్న ప్రతి మాటా వాట్సాప్‌లోనైనా ఎందుకు రాసుకోవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

అద్దెదారులకు పాత రక్షణ చట్టం లేకపోలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. అయితే మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. ఈ రోజుల్లో ఆ అద్దెకు గది కూడా రాదు కాబట్టి కొత్త ఫ్లాట్లన్నీ దాని బయటే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ నివాస గృహానికి డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదని, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే మనల్ని కాపాడుతుంది. అయినా ఆ రెండు వాక్యాలను మీ అగ్రిమెంటులో రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టి వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో రెండు, మూడు నెలల అడ్వాన్స్ అదృష్టంగా కనిపిస్తుంది. ఆ సంతోషంలో మిగతా షరతులు చదవడం మానొద్దు.

ముఖ్యంగా రెండు చోట్ల పేచీలు వస్తాయి. ఒకటి, ఏటా పెంచే శాతం. ‘ఇద్దరికీ సమ్మతమైన రీతిలో’ అని రాస్తే అది ఓనరుకు సమ్మతమైన రీతే అవుతుంది. ఐదో, ఎనిమిదో, అంకె వేయించాలి. రెండోది పెయింటింగ్. ఖాళీ చేసేటప్పుడు నెల అద్దె కోత అని చాలా అగ్రిమెంట్లలో తయారుగా ఉంటుంది. వాడకంలో సహజంగా జరిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. ఏడాది తిరగకముందే ఖాళీ చేస్తే సగం, ఆ పైన ఉంటే కోత లేదు అన్న మధ్యేమార్గానికి చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, సంతకానికి ముందు అడిగితే. తర్వాత అడిగితే ఒప్పుకోరు.

పన్నుల సంగతి క్లుప్తంగా. నెల అద్దె 50,000 దాటితే జీతగాడైనా సరే 2 శాతం టీడీఎస్ తీసి కట్టాలి. పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరుతుంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ ఇవ్వాలి. పాన్ ఇవ్వనంటే ఆ మినహాయింపు పోతుంది కాబట్టి, ఆ మేరకు అద్దె తగ్గించమని అడగొచ్చు.

బేరానికి కాలం కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో బడి మారే కుటుంబాలన్నీ ఒక్కసారే వీధిన పడతాయి, ఓనరు దిగడు. ఆషాఢంలో, శూన్యమాసాల్లో పాలు పొంగించి ఇంట్లో చేరేవాళ్లు తక్కువ. ఖాళీ ఫ్లాట్ మీద మెయింటెనెన్స్ ఓనరే కట్టుకోవాలి. పట్టింపు లేనివాళ్లకు వెయ్యీ రెండు వేలూ తగ్గించుకోవడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. ఆషాఢంలో అగ్రిమెంటు రాసుకుని శ్రావణంలో చేరతామని ఓనరుకు చెప్పే కుటుంబాలూ ఉన్నాయి. ఆ మధ్య రోజులకు అద్దె ఉండదని మాట తీసుకుంటే సరి.

చేరే రోజు తాళాలు తీసుకోగానే ప్రతి గదినీ, కరెంటు మీటరు రీడింగ్‌నూ వీడియో తీసి ఓనరుకు పంపండి. గోడ చెమ్మ, పగిలిన టైలు, బిగుసుకున్న కిటికీ అన్నీ అందులో పడాలి. వదిలే రోజు మళ్లీ అదే చేయండి. చాలామంది అడ్వాన్స్ తిరిగి రాదన్న భయంతో చివరి రెండు నెలలూ అద్దె ఆపేస్తారు. అలా చేస్తే మాట తప్పింది మనమే అవుతాం, ఓనరు ఏ కోత పెట్టినా అడిగే నోరుండదు. నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి, అద్దె మామూలుగా కట్టి, ఖాళీ చేసే రోజే అడ్వాన్స్ బ్యాంకులో వేయమనండి. చివరి కరెంటు, నీళ్ల బిల్లులు వచ్చేదాకా కొంత ఆపుకుంటామంటే ఎంత ఆపుతున్నారో, ఏ తేదీకి ఇస్తారో రాయించుకున్నాకే తాళాలు అప్పజెప్పండి.